తాతయ్య గొంతు ఉన్న రెండో డిస్కు

"ఒరేయ్, డిస్కు పెడితే 'నో డిస్క్' అంటోందిరా. లోపల తిరుగుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. మరి లేదంటుందేమిటి?" అంది అమ్మ ఫోన్లో.

తాతయ్య ఆబ్దికానికి వారం ముందు సంగతి. తెనాలిలో మా ఇంట్లో టీవీ కింద అరలో ఇంకా ఒక డీవీడీ ప్లేయరు ఉంది, మీద లేసు గుడ్డ కప్పుకుని. ఆ రోజు అమ్మ గుడ్డ తీసి, అక్క పెళ్లి వీసీడీ పెట్టింది. 2003లో జరిగిన పెళ్లి. మొత్తం మూడు డిస్కులు. మొదటిది స్నాతకం, ఎదురుకోలు. రెండోది జీలకర్ర-బెల్లం నుంచి తలంబ్రాల దాకా. మూడోది అప్పగింతలు. రెండో డిస్కు చివర్లో ఎవరో మైకు తాతయ్య చేతికి ఇస్తే, ఆయన రుక్మిణీ కల్యాణం నుంచి రెండు పద్యాలు చదివారు. మరుసటి ఏడాది పోయారు. అమ్మకి వాళ్ల నాన్న గొంతు ఇంకెక్కడా లేదు, ఆ రెండు పద్యాలే.

శనివారం హైదరాబాద్ నుంచి బయల్దేరుతూ, తప్పు ప్లేయరుదే అని తేల్చేసుకున్నాను. కాకపోతే ఆ డిస్కు రాసిచ్చిన వీడియో షాపువాడిది. మనుషులుగా మనకి మొదట తట్టేది అదే కదా.

పెళ్లి ఒక్కటే అయితే డిస్కులు మూడెందుకు? ఈ ప్రశ్నకి జవాబు సినిమాల్లోంచి కాదు, పాటల్లోంచి వచ్చింది. సోనీ, ఫిలిప్స్ కలిసి చేసిన సీడీ 1982లో మార్కెట్లోకి వచ్చింది. అది సంగీతం కోసం పుట్టిన వస్తువు. 74 నిమిషాల స్టీరియో పాటలు పడతాయి, సెకనుకి సుమారు 1.4 మెగాబిట్ల చొప్పున బయటికొస్తాయి. ఆ సన్నటి గొట్టంలోంచి బొమ్మని కూడా పంపగలమా అన్నది తర్వాతి తరం ఇంజనీర్ల పంతం. 1988లో ఇటలీకి చెందిన లియొనార్డో కియారిల్యోనె, జపాన్‌కి చెందిన హిరోషి యసుద చొరవతో ఎంపెగ్ అనే బృందం ఏర్పడింది. టీవీ బొమ్మని ఉన్నదున్నట్టు అంకెల్లోకి మారిస్తే సీడీ ఇవ్వగలిగిన దానికి వంద రెట్లకు పైగా వేగం కావాలి. అంటే వందలో ఒక్క వంతు కూడా మిగలకుండా పారెయ్యాలి, అయినా చూసేవాడికి పారేసినట్టు తెలియకూడదు.

ఏం పారేశారు? ముందు బొమ్మని నిలువునా, అడ్డంగా సగం సగం చేశారు. మన టీవీలో కనిపించే 576 గీతలు వీసీడీలో 288 అయ్యాయి. తర్వాత, ఒక బొమ్మకీ దాని పక్క బొమ్మకీ మధ్య మారింది మాత్రమే రాసుకున్నారు. పెళ్లికూతురి వెనక అరటి చెట్టు కదలకపోతే దాన్ని సెకనుకి 25 సార్లు రాయక్కర్లేదు. అప్పుడప్పుడూ ఒక పూర్తి బొమ్మ, దాని వెనక "ఇక్కడ చెయ్యి కదిలింది, అక్కడ కొంగు ఎగిరింది" అన్న లెక్కలు. ఎంపెగ్-1 అంటే స్థూలంగా ఇంతే. పెళ్లిలో అక్షింతలు పడేటప్పుడు వీసీడీలో బొమ్మంతా గళ్లు గళ్లుగా పగిలిపోయేది, గుర్తుందా? అన్నీ ఒకేసారి కదిలితే లెక్కలకి చోటు చాలదు మరి.

1993లో ఫిలిప్స్, సోనీ, మత్సుషిత, జేవీసీ కలిసి వీడియో సీడీ ప్రమాణాన్ని ఖాయం చేశాయి. సీడీ రకాలన్నిటికీ రంగుల పేర్ల పుస్తకాలుండేవి. పాటలకి ఎరుపు, కంప్యూటరు సమాచారానికి పసుపు, ఇంట్లో రాసుకునే డిస్కులకి నారింజ, వీసీడీకి తెలుపు. పుస్తకం రాసింది పెద్ద కంపెనీలే గానీ, ఇంటింటికీ చేర్చింది వేరేవాళ్లు. చైనాలోని హఫే నగరంలో వాన్యాన్ అనే చిన్న కంపెనీ అదే 1993లో వీసీడీ ప్లేయరు తయారుచేసింది. జియాంగ్ వాన్‌మెంగ్, సున్ యాన్‌షెంగ్ అనే ఇద్దరి పేర్లలోంచి పుట్టిన పేరది. పేటెంటు తీసుకోలేదు. వాళ్ల పెట్టె విప్పి చూసి మిగతావాళ్లంతా చేసేశారు, వాన్యాన్ మిగల్లేదు. వీసీడీకి ప్రాంతాల తాళం లేదు, కాపీ తాళం లేదు, తేమకి టేపులా బూజు పట్టదు. అమెరికా దాన్ని దాదాపు పట్టించుకోలేదు. ఆసియా మాత్రం నెత్తిన పెట్టుకుంది. మూడు గంటలు దాటే 'మాయాబజార్' మూడు డిస్కులయింది. అక్క పెళ్లి కూడా.

మధ్యలో లేచి డిస్కు మార్చడం మా ఇంట్లో నా ఉద్యోగం. మూడింటి మీదా పేర్లు రాసింది కూడా నేనే. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇల్లు చేరాక మొదటి పని, ప్లేయరుని అనుమానించడం. అమెరికాలో ఉన్న అక్క 2006లో రెండు డీవీడీలు పంపింది. ఒకటి తెలుగు సినిమా, ఒకటి పిల్లల ఇంగ్లీషు బొమ్మల సినిమా. నాకు ఈ వ్యవహారంలో అక్షరాభ్యాసం చేసినవి అవే. తెలుగు సినిమా పెడితే బొమ్మ నలుపు-తెలుపులో పైకి పాకింది. రిమోట్లో 'పీ/ఎన్' అని రాసున్న బొత్తాం నొక్కితే నిలబడింది. పీ అంటే పాల్, జర్మనీలో పుట్టిన పద్ధతి. 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. 1982లో ఆసియా క్రీడల ఏడాది దూరదర్శన్ రంగుల్లోకి వచ్చినప్పుడు మనం ఎంచుకున్నది అదే. ఎన్ అంటే ఎన్టీఎస్సీ. అమెరికాది, 525 గీతలు, సెకనుకి ఇంచుమించు 30 బొమ్మలు. మన గోడలోని కరెంటు సెకనుకి 50 సార్లు, వాళ్లది 60 సార్లు ఊగుతుంది. ఆ ఊగు లెక్కే బొమ్మల లెక్కకి మూలం.

బొమ్మ నిలబడ్డాక శబ్దం లేదు. డిస్కు మెనూలో డీటీఎస్ ఎంచుకుని కూర్చున్నాం, మా ప్లేయరుకి దాన్ని విప్పడం రాదు. 'ఆడియో' బొత్తాం నొక్కి డాల్బీ డిజిటల్‌కి మారిస్తే మాటలొచ్చాయి. డీటీఎస్ 1993లో 'జురాసిక్ పార్క్'తో థియేటర్లకొచ్చింది. తమాషా ఏమిటంటే అక్కడ ఆ శబ్దం రీలు మీద ఉండదు. విడిగా సీడీల్లో ఉండి, రీలు అంచున ఉన్న కాలసంకేతాన్ని చూసుకుంటూ బొమ్మతో కలిసి నడుస్తుంది. ఇక ఇంగ్లీషు సినిమా పెడితే 'రాంగ్ రీజియన్' అంది. హాలీవుడ్ వాళ్లు ఒక్కో దేశంలో ఒక్కో రోజు సినిమా విడుదల చేసుకోడానికి ప్రపంచాన్ని ఆరు ప్రాంతాలుగా పంచుకున్నారు. అమెరికా ఒకటి, మనం అయిదు. అక్క ఇల్లు ఒకటో ప్రాంతం, పుట్టిల్లు అయిదో ప్రాంతం. అక్క పంపిన బొమ్మకి ఇంట్లోకి రావడానికి అనుమతి లేదన్నమాట. వీధి చివర రిపేరు అబ్బాయి రిమోట్లో ఏవో నాలుగంకెలు నొక్కి ఆ గోడ తీసేశాడు. ఆ అంకెలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

అందుకని ఈసారి ఒక్కొక్కటే పెట్టి చూశాను. డీవీడీ ఆడింది. షాపులో కొన్న సినిమా వీసీడీ కూడా ఆడింది. ఈ రెండో పరీక్ష ముఖ్యం. డీవీడీని చదివేది 650 నానోమీటర్ల ఎర్ర కాంతి, సీడీని చదివేది 780 నానోమీటర్ల పరారుణ కాంతి. ఒకే పెట్టెలో రెండు దీపాలన్నమాట. ఒకటి నీరసపడితే డీవీడీలు ఆడి సీడీలు ఆడకపోవచ్చు. ఇక్కడ రెండూ వెలుగుతున్నాయి. పెళ్లి డిస్కుల్లో ఒకటోది ఆడింది, మూడోది ఆడింది. రెండోది పెడితే కాసేపు గిరగిరా తిరిగి 'నో డిస్క్'. సీడీని లోపలి అంచు నుంచి బయటికి చదువుతారు. ఏది ఎక్కడుందో చెప్పే విషయసూచిక ఆ లోపలి అంచులోనే ఉంటుంది. అది దొరక్కపోతే ప్లేయరు దృష్టిలో డిస్కే లేదు. అమ్మకి అర్థంకాని వాక్యం అర్థం అది.

డిస్కు కింద వైపు చూశాను. అద్దంలా ఉంది, ఒక్క గీత లేదు. అప్పుడు కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాను.

వెలుగు నా చేతిరాతలో బయటికొచ్చింది. తిరగబడిన అక్షరాల్లో, 'అక్క పెళ్లి - 2'. మధ్యలో రంధ్రం అంచు నుంచి మొదలుపెట్టి, లెక్కల నోటు పుస్తకం అట్ట మీద రాసినంత గట్టిగా, బాల్ పెన్నుతో.

మనం జాగ్రత్తగా పట్టుకునే కింది వైపు నిజానికి సీడీకి కవచం. 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ మందంలో దాదాపు అంతా సమాచారానికి కిందే ఉంటుంది. పైన, మనం పేర్లు రాసే వైపు, పల్చటి లక్క పొర, దాని కింద మెరిసే లోహపు పూత, అంతే. పెన్ను మొన ఆ పొరని చీలిస్తే, తర్వాత గాలీ తేమా తమ పని ఇరవై ఏళ్లపాటు నింపాదిగా చేసుకుంటాయి. డీవీడీలో సమాచారం రెండు ప్లాస్టిక్ బిళ్లల మధ్య దాక్కుంటుంది కాబట్టి ఈ ప్రమాదం తక్కువ. మిగతా రెండు డిస్కుల మీదా మార్కరుతో రాశాను. రెండోదానికి వచ్చేసరికి మార్కరు ఎండిపోయి ఉంటుంది.

వీసీడీ ఇంకో పని కూడా చేసింది. కంప్యూటరు సమాచారం దాచే సీడీలో ప్రతి సెక్టారులో 2048 బైట్లు సరుకు, మిగతా చోటులో చాలా భాగం తప్పులు సరిదిద్దే అదనపు లెక్కలు. వీసీడీ ఆ అదనపు లెక్కల్ని వదిలేసి, సెక్టారుకి 2324 బైట్లు బొమ్మలే నింపుకుంది. బొమ్మలో చిన్న తప్పు వస్తే కన్ను క్షమిస్తుందిలే అని. 74 నిమిషాలు పట్టడానికి చేసుకున్న బేరం అది. ఫార్మాట్ అంటే దేన్ని ఉంచాలో కాదు, దేన్ని వదులుకోవచ్చో ముందే ఎవరో తీసుకున్న నిర్ణయం. వాళ్లు రక్షణ వదులుకున్నారు. నేను పెన్ను పట్టుకున్నాను.

ఆదివారం ఉదయం లాప్‌టాప్‌కి ఒక బయటి డ్రైవు తగిలించి, చదవలేని చోట ఆగిపోకుండా దాటేసి ముందుకెళ్లే ప్రోగ్రాముతో మొదలుపెట్టాను. ప్లేయరు వదిలేసిన విషయసూచికని అది చాలాసేపు తంటాలుపడి పట్టుకుంది. సాయంత్రానికి ఒక ఫైలు మిగిలింది. జీలకర్ర-బెల్లం చాలావరకు పోయింది. తాతయ్య ఉన్నారు.

బొమ్మ మాత్రం చెదిరిపోయింది. ఒక పూర్తి బొమ్మ పోతే దాని మీద ఆధారపడిన లెక్కలన్నీ తప్పుతాయి, మళ్లీ పూర్తి బొమ్మ వచ్చేదాకా. తాతయ్య కండువా మీద తలంబ్రాల పళ్లెం పాకింది, ముఖం చతురస్రాలైంది. శబ్దం అలా కాదు. వీసీడీలో శబ్దం సెకనులో నలభయ్యో వంతు ముక్కలుగా ఉంటుంది, ఏ ముక్కకా ముక్క దాదాపు సొంత కాళ్ల మీద నిలబడుతుంది. కొన్ని పోయినా తర్వాతిది వెంటనే మాట్లాడుతుంది. అందుకని ముఖం పోయిన చోట కూడా గొంతు ఉంది. రెండో పద్యం మూడో పాదంలో ఒకచోట మాట తెగింది. ఆ మాట అమ్మ పూరించింది, తెర వైపు చూడకుండానే.

"పెన్నుతో రాసింది నేనే అమ్మా," అన్నాను.

"పేరు రాసిపెట్టమన్నది నేనేగా. మళ్లీ మొదటినుంచి పెట్టు," అంది.