నాడె, బస్సు, గాలి

చీరాల నుండి బాపట్లకు పోవు దారిలో ఈపురుపాలెము కలదు. అది చేనేత ఊరు. మగ్గముపై నాడె ఆడుట చూడని విద్యార్థి ఆ ప్రాంతమున అరుదు. పడుగు పోగుల నడుమ చిక్కుపడక దూరిపోవుటకై నాడె రెండు కొనలును సన్నగా ఉండును. ఆ ఊరి మీదుగా పోవు బస్సు కూడ నాడె వంటిదే. రెండు పట్టణముల మధ్య ఇటునటు తిరుగుచుండును. అయితే బస్సు దూరవలసినది నూలుపోగులలో కాదు, గాలిలో. మరి బస్సు పెట్టెవలె ఏల ఉన్నది? దానికి నునుపైన ఆకారము నిచ్చుటకు ఎవరును యత్నింపలేదా?

యత్నించిరి. 1921లో బెర్లిన్ ప్రదర్శనలో రుంప్లర్ అను ఇంజనీరు నీటిబొట్టు ఆకారము గల కారును చూపెను. 1979లో దానిని వాయు సొరంగములో పరీక్షింపగా నిరోధ గుణకము 0.28 మాత్రమే అని తేలినది. జెప్పెలిన్ వాయునౌకల నిర్మాణములో పనిచేసిన యారై అను మరొక ఇంజనీరు ఆ అనుభవమును కార్లకు అన్వయించెను. 1935 నుండి జర్మనీలో వేగవాహనములకై ప్రత్యేక రహదారులు తెరువబడగా, ముందు గుండ్రముగను వెనుక సన్నముగను ఉండు బస్సులు వాటిపై తిరిగెను. అమెరికాలో గ్రేహౌండ్ సంస్థ 1936లో ఇంజనును వెనుకకు మార్చి, ముందుభాగమును నునుపు చేసిన బస్సులను ప్రవేశపెట్టెను. ఇట్టి రూపమునకు ధారారేఖాకృతి అని పేరు. గాలి సుడులు పడక, ధారగా దేహము వెంట జారిపోవుటయే దాని లక్ష్యము.

అదే కాలమున మన వద్ద ఏమి జరిగినది? 1932 జూన్ 15న నిజాం రాష్ట్ర రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. నాటి బస్సులు స్కాట్లండులోని గ్లాస్గో నగరమునకు చెందిన ఆల్బియన్ సంస్థవి. నిట్టనిలువు రేడియేటరు, చదునైన అద్దము, పెట్టెవంటి దేహము. దీనిని వెనుకబాటు అనవచ్చునా? తీర్పు చెప్పుటకు ముందు ఒక లెక్క చూడుడు.

వాయు నిరోధము వేగము యొక్క వర్గముతో పెరుగును. దానిని జయించుటకు కావలసిన శక్తి వేగము యొక్క ఘనముతో పెరుగును. 7 చదరపు మీటర్ల ముఖము గల బస్సును తీసికొందము. నిరోధ గుణకము పెట్టె బస్సుకు 0.8, నునుపైన బస్సుకు 0.5 అనుకొందము. గంటకు 40 కిలోమీటర్ల వేగమున గాలిని త్రోయుటకు మొదటిదానికి రమారమి 6, రెండవదానికి 4 అశ్వశక్తులు చాలును. ఆదా రెండే. వేగమును 80 కిలోమీటర్లకు పెంచినచో శక్తి 8 రెట్లగును; మొదటిదానికి 49, రెండవదానికి 31 కావలెను. ఇప్పుడు ఆదా 18 అశ్వశక్తులు! కనుక ఆకారము యొక్క విలువను నిర్ణయించునది వేగము. వేగమును నిర్ణయించునది రోడ్డు. నెమ్మదిగా పోవు రోడ్డుపై ధారారేఖాకృతి చాలవరకు అలంకారమే.

ఆ అలంకారమునకు అయ్యెడు శ్రమ ఎంతో ప్లాస్టిక్ నమూనాను కూర్చినవారికి తెలియును. ఇట్టి నమూనాల సంప్రదాయము బ్రిటనులో 1936లో సెల్యులోజ్ అసిటేట్ విమానములతో బలపడినది. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత పాలిస్టైరీన్ వచ్చినది. 1:72 పరిమాణమున 7.2 మీటర్ల బస్సు 10 సెంటీమీటర్లకు తగ్గును. భాగములన్నియు ఒక ప్లాస్టిక్ చట్రమునకు అంటుకొని వచ్చును. వాటిని కోసి, అంచులు రుద్ది, ద్రావకముతో అతుకవలెను. ఆ ద్రావకము జిగురువంటిది కాదు. రెండు అంచులను కొంచెము కరగించి ఒకటిగా చేయును. పెట్టె బస్సులో అతుకు మూలలో దాగును. నునుపైన బస్సులో దాగుటకు మూలయే లేదు! పూతమన్ను నింపి, తడి గరుకు కాగితముతో పలుమార్లు రుద్దిననే గాని గీత పోదు.

నిజమైన బస్సు కట్టిన పనివారికిని ఇదే చిక్కు. ఒక కాగితమును సీసా చుట్టూ చుట్టుడు, ముడుత పడదు. దానినే బంతి చుట్టూ చుట్టుడు, ముడుతలు తప్పవు. రేకు కూడ అంతే. ఒక దిక్కున వంచుట తేలిక. రెండు దిక్కుల వంగవలెనన్న సుత్తితో సాగగొట్టవలెను, లేదా ఖరీదైన అచ్చులు కావలెను. అందుచే నునుపైన బస్సు ప్రియమైనది.

పూర్తియైన నమూనాను పంకా ముందుంచి గాలి పరీక్ష చేయవచ్చునా? ఇచట జాగ్రత్త అవసరము. గాలి ప్రవాహ లక్షణము వస్తువు పొడవును వేగముతో గుణించిన విలువపై ఆధారపడునని 1883లో ఆస్బర్న్ రెనాల్డ్స్ ప్రచురించిన పరిశోధన వలన తెలిసినది. పొడవు 72వ వంతైనచో, అదే గాలిలో వేగము 72 రెట్లు కావలెను. 40 కిలోమీటర్ల బస్సుకు సమానముగా గంటకు 2,880 కిలోమీటర్ల గాలి వీచవలెను. అది ధ్వని వేగమును మించినది. అప్పుడు గాలి స్వభావమే మారిపోవును. చిన్న బస్సు ఆకారమును దాచుకొన్నది గాని గాలిని దాచుకొనలేదు.

అయినను ముఖ్య సూత్రమును తరగతిలో చూపవచ్చును. వెలుగుచున్న కొవ్వొత్తి ముందు గుండ్రని సీసా నిలిపి, ఇవతలి నుండి గట్టిగా ఊదుడు. గాలి సీసాను చుట్టి వెళ్లి దీపమును ఆర్పును. సీసాకు బదులు అంతే వెడల్పు గల అట్టను నిలిపి ఊదుడు. దీపము ఆరుటకు బదులు అట్టవైపే వంగును. అట్ట వెనుక ఏర్పడిన సుడులే అందుకు కారణము. బస్సును వెనుకకు లాగునవి కూడ అట్టి సుడులే.

ఇప్పుడు నాడెను మరల చూడుడు. అది ఇరువైపులకు పోవును గనుక రెండు కొనలును ఒకటే. బస్సు ఒకేవైపు పోవును గనుక ముందు గుండ్రదనము, వెనుక సన్నదనము వేరు వేరు పనులు చేయును. పోగుల నడుమ పోవుదానికి ఒక రూపు, గాలిలో వేగముగ పోవుదానికి ఒక రూపు, గతుకుల రోడ్డుపై మెల్లగ పోవుదానికి ఒక రూపు. 1932 నాటి పెట్టె బస్సును చూచి నవ్వుటకు ముందు, అది ఎంత వేగమున పోవలసియుండెనో అడుగుట శాస్త్రము నేర్చినవారి లక్షణము.