రిగ్గర్ మార్పులు

రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికన్ పారాట్రూపర్ల దుస్తులకు, సామగ్రికి వారి దళాల్లోనే చేసుకున్న మార్పులు. పారాచూట్లను మడిచి సిద్ధం చేసే, చిరిగితే బాగుచేసే సైనికులను రిగ్గర్లు అంటారు. మందపాటి కాన్వాసును కుట్టగల మిషన్లు వీరి దగ్గర ఉండేవి కనుక ఈ మార్పులను వీరే చేసేవారు.

ప్రధాన మార్పులు: 1942 నమూనా జంప్ సూట్ నూలుబట్ట మోకాళ్లు, మోచేతుల దగ్గర త్వరగా చిరిగేది. అందుకే 1944 జూన్ 6 నార్మండీ దాడికి ముందు 82వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌లో ఆ చోట్ల కాన్వాస్ అతుకులు వేశారు. నిండిన తొడ జేబులు దూకేటప్పుడు ఊగకుండా కాలికి బిగించే నాడాలు కుట్టారు. గరాండ్ రైఫిల్‌ను విడదీసి పెట్టుకోవాల్సిన గ్రిస్‌వోల్డ్ సంచిని పొడిగించి, తుపాకీ విప్పకుండానే పట్టేలా చేశారు. 1944 సెప్టెంబరులో మార్కెట్ గార్డెన్ వైమానిక దాడి నాటికి 1943 నమూనా దుస్తులు వచ్చాయి. వాటి ప్యాంట్లకూ తొడ జేబులు చేర్చారు.

రిగ్గర్ పౌచ్: తూటాల కోసం కాన్వాసుతో కుట్టి, నడుం బెల్టుకు తగిలించుకునే చిన్న సంచి. ఫ్యాక్టరీ సరుకు కాదు గనుక కొలతలు, కుట్టు, బట్ట రంగు ఒక్కోదానికి ఒక్కో తీరు.

పునఃప్రదర్శనలో ప్రామాణికత: ఆనాటి యుద్ధాలను వేషధారణతో పునఃప్రదర్శించేవారు ఈ మార్పులను దళం, తేదీలను బట్టి ఎంచుకోవాలి. నార్మండీ దృశ్యంలో 1943 నమూనా ప్యాంటుపై రిగ్గర్ జేబులు పొరపాటే. అందరి పౌచ్‌లూ ఒకే అచ్చులో ఉండటం కూడా అసహజమే. నాటి ఫొటోలు, మిగిలిన అసలు వస్తువులే ఇందుకు ప్రధాన ఆధారాలు.