మా అత్తయ్య జొన్నన్నం, నా అరగ్లాసు బియ్యం

కంచంలో అన్నం తగ్గించి వడ్డించుకున్న మొదటి రోజు మా అత్తయ్య గారు నా కంచం వంక కాసేపు చూసి, "ఏందమ్మాయ్ ఇది, కాకికి పెట్టినట్టు? ఇంట్లో బియ్యం అయిపోయినయ్యా?" అన్నారు. వేళాకోళం అనుకున్నాను. కాదు. ఆ పూట ఆవిడ కూడా సరిగ్గా తినలేదు. కోడలు అరకొరగా తింటుంటే తనకి ముద్ద దిగలేదని సాయంత్రం మా ఆయనతో అన్నారట.

నాకు షుగరు ఉందని తేలి అప్పటికి పది రోజులయింది. నిజానికి ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. రెండో కాన్పుకి ముందు ఒకసారి కనిపించి, కాన్పు కాగానే పోయింది. "ఏటా ఒకసారి చూపించుకోమ్మా" అని అప్పట్లో డాక్టరమ్మ చెప్పింది. పిల్లల టీకాలు, అత్తయ్య బీపీ మాత్రలు, మా ఆయన కొలెస్ట్రాలు అన్నీ తారీఖులతో సహా గుర్తుంచుకున్నదాన్ని, నాది మాత్రం పదహారేళ్లు మర్చిపోయాను. మా అమ్మకి ఇరవయ్యేళ్లు షుగరు. ఆఖరి నాలుగేళ్లు కుడికన్ను కనిపించలేదు. బియ్యంలో రాళ్లు ఏరడం కూడా వేలి కొసలతో తడిమే చేసేది. రిపోర్టు చేతికి రాగానే నాకు గుర్తొచ్చింది ఆ వేళ్లే.

మా ఇంట్లో గుడ్డు కూడా రాదు. ఈ అన్నం తగ్గించే పద్ధతులన్నీ చికెన్, గుడ్లు, చేపల చుట్టూ తిరుగుతాయి. శాకాహారులు అన్నం తీసేస్తే కంచంలో ఇంకేం మిగులుతుంది అనే ప్రశ్న నాకూ వచ్చింది. దానికి జవాబు వెతుకుతూ ఉంటే, అసలు ఈ అన్నం మన కంచంలోకి ఇంత గుట్టగా ఎప్పుడొచ్చింది అనే ఇంకో ప్రశ్న వచ్చింది. తెలుగు బీయే చదివిన రోగం, ఏదైనా మొదటి నుంచీ చూడాలనిపిస్తుంది.

అన్నం అన్న మాటకి అసలు అర్థం తినేది అనే. వరికి మాత్రమే చెందిన పేరు కాదది. జొన్నన్నం, కొర్రన్నం, వరిగన్నం అని మన పెద్దవాళ్లు ముందు ధాన్యం పేరు చెప్పేవారు. ఇప్పుడు ఉత్త అన్నం అంటే తెల్లన్నమే. మిగతావాటికే పేరు తగిలించాల్సి వస్తోంది. వరి లేదని కాదు, ఏటి ఒడ్డున, చెరువుల కింద ఎప్పటినుంచో ఉంది. కాని అది అందరిదీ, అన్ని పూటలదీ కాదు. శ్రీనాథుడి పేరు మీద చెప్పుకునే చాటువుల్లో పల్నాడు వెళ్లి జొన్నకూటితో పడ్డ అవస్థ కనిపిస్తుంది. పదిహేనో శతాబ్దంలో రాజాస్థానాల్లో సన్నన్నం తిన్న కవికి ఆ సీమ అంతా జొన్నే కనిపించి విసుగొచ్చింది. డిగ్రీలో ఆ పద్యాలకి మేం పకపకా నవ్వాం. తరవాత ఆ పల్నాటికే కోడలిగా వెళ్తానని అప్పుడు తెలియదు.

అత్తయ్య గారిది నరసరావుపేట అవతల ఒక పల్లె. ఇప్పుడు ఆవిడకి డెబ్బయ్యారు. చిన్నప్పుడు వాళ్లింట్లో రోజూ జొన్నన్నమే. వరన్నం సంక్రాంతికి, ఉగాదికి, చుట్టాలొచ్చినప్పుడు, జ్వరం తగ్గి పథ్యం పెట్టినప్పుడు. "జ్వరమొస్తే బాగుండునని అనుకునేవాళ్లం" అంటారు. ఆ వరన్నమైనా మగవాళ్లకి, పిల్లలకి పెట్టాక మిగిలితే ఆడవాళ్లకి.

గోదావరి జిల్లాల వాళ్లకి ఈ మార్పు ఇంకా వందేళ్ల ముందే వచ్చింది. 1832, 33ల్లో గుంటూరు సీమలో వచ్చిన కరువుని డొక్కల కరువు అన్నారు, మనుషుల్లో డొక్కలు తప్ప ఏమీ కనబడక. ఆ తరవాత 1847లో మొదలుపెట్టి 1852 కల్లా కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. వెంటనే బెజవాడ దగ్గర కృష్ణకీ ఆనకట్ట లేచింది. డెల్టా అంతా వరిమయం అయింది. కరువు చూసిన జనానికి ఏటా పండే వరి ఎంత ధైర్యమో మనం ఊహించలేం. కాటన్‌ని ఈనాటికీ తర్పణాల్లో తలుచుకునేవాళ్లున్నారంటే ఊరికే కాదు.

ఇక్కడ ఒక సంగతి నాకు మొన్నమొన్నటి దాకా తెలియదు. వరి దండిగా పండిన మన కోస్తాలోనే బెరిబెరి అనే జబ్బు పాతుకుపోయింది. కాళ్లు తిమ్మిరెక్కడం, నీరు పట్టడం, గుండె బలహీనమవడం. కారణం బియ్యం మీది తవుడుతో పాటు పోయే బి1 విటమిన్. తమిళులు ఎక్కువగా ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లు ఉడికించినప్పుడు పై పొరలోని విటమిన్ కొంత గింజలోకి దిగుతుంది, మర పట్టినా అంతా పోదు. మనకేమో పచ్చి బియ్యమే కావాలి, మల్లెపూవులా తెల్లగా ఉండాలి. పైగా నాలుగుసార్లు కడుగుతాం, గంజి వారుస్తాం. ఉన్నదేదో ఆ నీళ్లతో తూములో పోయేది.

ఈ బెరిబెరి మీద పరిశోధనకే 1918లో మెక్‌కారిసన్ అనే డాక్టరు నీలగిరుల్లోని కూనూరులో చిన్న ప్రయోగశాల పెట్టాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు వచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. నేను పెళ్లయిన కొత్తలో ఆ గోడ పక్కనుంచే సిటీబస్సులో ఎన్నిసార్లు వెళ్లానో! దేశం మొత్తానికి ఏం తినాలో చెప్పే సంస్థ, తెల్లబియ్యం తెచ్చిన జబ్బుతో మొదలయిందని, ఆ జబ్బు ఎక్కువగా ఉన్నచోట్లలో మన తెలుగు తీరం ఒకటని తెలిసినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

అలాగని మరని తిట్టడానికి నాకు నోరు రాదు. మర రాకముందు ఆ దంపుడు బియ్యం దంపింది ఎవరు? ఇప్పుడు అందమైన సంచీల్లో రెట్టింపు ధరకి అమ్ముతున్న దంపుడు బియ్యం వెనక తెల్లవారుజామున రోకలి పట్టిన ఆడవాళ్ల భుజాలున్నాయి. జొన్న అయితే మరీను. దంచాలి, చెరగాలి, విసరాలి. పాతకాలం తిండి గొప్పదని ఉపన్యాసాలిచ్చే మగవాళ్లని ఒక్కరోజు తిరగలి ముందు కూర్చోబెట్టాలనిపిస్తుంది నాకు.

మా అత్తయ్య ఊరి సంగతికి వస్తాను. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలవలకి నీళ్లు వదిలారు. అప్పటికి అత్తయ్యకి పద్దెనిమిది, కొత్త కోడలు. నీళ్లు వాళ్ల పొలందాకా రావడానికి ఇంకో రెండు మూడేళ్లు పట్టింది. వచ్చినరోజు ఊరంతా కాలవ గట్టుకి వెళ్లి పసుపు కుంకాలు వేశారట. ఆ ఏడే వాళ్లింట్లో మొదటిసారి సొంత వడ్లు. "మీ మామయ్య బస్తా మీద కూర్చుని ఏడ్చారు" అని చెప్పారు, మొన్న, మొదటిసారి. నేను ఈ ఇంటికొచ్చి ఇరవై నాలుగేళ్లు.

అప్పుడర్థమైంది నాకు, కంచం చూసి ఆవిడ ఎందుకు అలా అయిపోయారో. ఆవిడకి అన్నం తగ్గించడమంటే ఆరోగ్య సూత్రం కాదు. కాలవ రాకముందు రోజులు మళ్లీ వచ్చినట్టు.

తరవాతి కథ మనందరికీ తెలిసిందే. పొట్టి వంగడాలు, ఎరువులతో దిగుబడి పెరిగింది. 1983లో ఎన్టీ రామారావు గారి కిలో రెండు రూపాయల బియ్యం పేదింటి పొయ్యి మీదికి కూడా వరన్నం తెచ్చింది. జొన్నకూడు పేదరికానికి గుర్తుగా ఉన్న ఇళ్లలో ఆ బియ్యం కడుపుతో పాటు పరువూ నింపింది. 1986లో బాపట్ల నుంచి సాంబమసూరి విడుదలయింది. ఆ సన్నబియ్యానికి అలవాటుపడ్డ నాలుక ఇంకోటి ఒప్పుకోదు. అన్నం మెత్తగా, పొడిపొడిగా, నమలక్కర్లేకుండా జారిపోతుంది. జొన్నన్నం అలా జారదు. నాలుగు ముద్దలు తినేసరికి దవడలే చాలంటాయి.

తిండి మారింది, పొలం పని తగ్గింది, రోకలి పోయింది. కంచంలో గుట్ట మాత్రం అలాగే ఉంది. కూర, పప్పు ఆ గుట్టని దించడానికి సాయం వచ్చేవి అంతే. "ఆ కాస్త అన్నం పారేయడమెందుకు" అని గిన్నె అడుగున మిగిలింది మజ్జిగలో కలుపుకుని తినేది ఎవరు? మనమే కదా.

నేను చేసిన మొదటి తప్పు కూడా చెప్పాలి. తెల్లన్నం మానేసి, అంతే కొలతకి కొర్రన్నం తిన్నాను. సిరిధాన్యాలు కదా, ఎంత తిన్నా ఏం కాదన్నారు అందరూ. నెలకి చూస్తే షుగరు పెద్దగా దిగలేదు. అప్పుడు ఆ పోషకాహార సంస్థవాళ్ల పట్టికలు తీసి చూశాను. వంద గ్రాముల తెల్లబియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. జొన్నల్లో 72, రాగుల్లోనూ 72, కొర్రల్లో 60 పైచిలుకు. పీచు ఎక్కువ, మాంసకృత్తులు కొంచెం మెరుగు, నిజమే. కాని అవీ ధాన్యాలే. మా అత్తయ్య తరం జొన్న తిని షుగరు లేకుండా ఉన్నారంటే జొన్న ఒక్కదాని మహిమ కాదు, అది తక్కువే తినగలిగారు, తిన్నది పొలంలో ఖర్చయింది. చరకుడు మధుమేహానికి యవలు ప్రధానంగా తినమన్నాడు గాని, హాయిగా కూర్చోవడం, నిద్రపోవడమే ఈ జబ్బుకి దారి అని కూడా అన్నాడు. ఆ రెండోమాట మనం వదిలేస్తాం.

అందుకని ధాన్యం మార్చడం ఆపి కొలత మార్చాను. వంటింటి త్రాసు మీద తూస్తే, ఇడ్లీ, దోసె, రెండు పూటల అన్నం కలిపి నా ఒక్కదాని వాటా రోజుకి దాదాపు 300 గ్రాముల బియ్యం అవుతోంది. నాకే సిగ్గేసింది. ఇప్పుడు మధ్యాహ్నం చిన్న గ్లాసులో సగం, యాభై గ్రాములు, అంతే. రాత్రి ఒక జొన్నరొట్టె.

మిగిలిన చోటు ఎలా నింపానంటారా? మన వంటింట్లో ఉన్నవే. కందిపప్పు, పెసరపప్పులో కూడా పిండిపదార్థం 60 దాకా ఉంది గాని, మాంసకృత్తులు 22 నుంచి 24, పీచు సరేసరి. వేరుశనగల్లో పిండిపదార్థం 26, మాంసకృత్తులు 25. నువ్వుల్లోనూ పిండిపదార్థం దాదాపు అంతే. పొద్దున బియ్యం కలపని పెసరట్టు. మధ్యాహ్నం ముందు ఓ కప్పు బీరకాయ కూరో, తోటకూర వేపుడో ఉత్తిదే తినేసి, తరవాత గిన్నెడు గట్టి పప్పు, దాంట్లోకి నంజుకున్నట్టుగా అన్నం. ఇదివరకు అన్నంలో పప్పు కలిపేదాన్ని, ఇప్పుడు పప్పులో అన్నం కలుపుతున్నాను. సాయంత్రం ఉడికించిన శనగలు, చెట్నీలోకి పల్లీలు కాస్త ఎక్కువ. మొదటి వారం తలనొప్పి, చిరాకు, పెరుగన్నం మీద మనసు. పిల్లల మీద అరిచాను కూడా. రెండో వారానికి తగ్గింది.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవాళ్లు మాత్రం డాక్టరుకి చెప్పకుండా ఒక్కసారి అన్నం తగ్గించకండి, షుగరు మరీ పడిపోతుంది. నాకు ఒకరోజు పూజ దగ్గర చెమటలు పట్టి కళ్లు తిరిగాయి, ఆ తరవాత మాత్ర మోతాదు తగ్గించారు. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు పప్పు విషయం కూడా అడిగే తినాలి.

మూడు నెలల సగటు 8.1 నుంచి 6.7కి వచ్చింది. ఆ కాగితం అత్తయ్యకి చూపించాను. అంకెలు ఆవిడకి పట్టలేదు. "కళ్లకేం భయం లేదుగా?" అని మాత్రం అడిగారు. మా అమ్మని ఆవిడ చూశారు కదా.

పోయిన ఆదివారం ఆవిడే అన్నారు, జొన్నన్నం ఎట్లా వండాలో చూపిస్తానని. జొన్నలు కాస్త తడిపి, మా చిన్న కల్వంలో వేసి పైపొట్టు పోయేదాకా దంచమన్నారు. పావుగంటకి నా చేయి పడిపోయింది. పొట్టు సగమే పోయింది. ఆవిడ చూడకుండా మిక్సీలో వేశాను, రవ్వ కావాల్సింది ముద్దపిండి అయి కూర్చుంది. చప్పుడు విని వంటింట్లోకొచ్చి గిన్నెలోకి తొంగిచూసి, చాలా రోజుల తరవాత పొట్ట పట్టుకుని నవ్వారు. "అందుకేనమ్మాయ్, మేం కాలవ కోసం కాచుక్కూచుంది" అన్నారు.

ఆ తడిపిండి రొట్టెకి సాగలేదు. సంకటి గెలికి, గోంగూర పచ్చడితో తలా కాస్త తిన్నాం.