గద్ద ఈక ఎత్తిన పడవ వీరుడు: ఆల్విన్ మోరిస్



కుమ్రం భీము పోరాటం అంటేనే జల్, జంగల్, జమీన్. జంగల్ గురించి, జమీన్ గురించి మనం రోజూ మాట్లాడుకుంటం. మొదటి మాట జల్. దాని ముచ్చట మాత్రం తక్కువ. అందుకే ఈ రోజు నీళ్ల మీద గెలిచిన ఒక ఆదివాసీ చరిత్ర చెప్పుకుందాం.

ఒలింపిక్స్‌లో కయాక్ అనే పడవ పందెం ఉంది. అది తెల్లోళ్ల ఆట అనుకుంటరు చాలామంది. కాదు. మంచు దేశాల్లో ఇన్యూట్ ఆదివాసీలు వేట కోసం చేసుకున్న పడవ అది. కొట్టుకొచ్చిన కట్టెలతో చట్రం కట్టి, సీల్ తోలు కప్పేటోళ్లు. ఆ పేరు కూడా వాళ్ల భాషదే. తర్వాత యూరప్ వాళ్లు దాన్ని ఆటగా మార్చుకున్నరు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నుంచి పతకాలు ఇస్తున్నరు.

ఆల్విన్ మోరిస్ 1957లో పుట్టిండు. ఊరు కానవాగె, కెనడాలో మాంట్రియల్ దగ్గర, సెయింట్ లారెన్స్ నది ఒడ్డున మోహాక్ ఆదివాసీల ఊరు. సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్ద ఓడల కాలువ కోసం సర్కారు వాళ్ల భూములు గుంజుకున్నది. 1959లో కాలువ మొదలైంది. ఊరికీ నదికీ నడుమ అడ్డం పడ్డది. ఎల్లంపల్లి, మిడ్ మానేరు కింద ఊళ్లు పోగొట్టుకున్నోళ్లకు ఈ బాధ వేరే చెప్పాల్సిన పని లేదు.

అయినా మోరిస్ నీళ్లను వదల్లేదు. వెనుక తాత అండ ఉంది. 1980 మాస్కో ఒలింపిక్స్‌ను కెనడా బహిష్కరించింది. మరో నాలుగేండ్లు ఆగాల్సి వచ్చింది. 1984 లాస్ ఏంజెలెస్‌లో హ్యూ ఫిషర్‌తో జంటగా 1000 మీటర్లలో బంగారం, 500 మీటర్లలో కంచు గెలిచిండు. పతకం తీసుకునేటప్పుడు తాతను, తన జాతిని తలుచుకుని గద్ద ఈకను పైకెత్తిండు. దండారీలో మన గుస్సాడీలు నెమలి ఈకల టోపీ ఎందుకు పెట్టుకుంటరో తెలిసినోళ్లకు ఆ ఈక విలువ తెలుస్తది.

మన దేశంలోనూ దారి పడ్డది. కయాక్‌కు చుట్టమైన కనూ పందెంలో, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మణిపూర్ సునీల్ సింగ్, అర్జున్ సింగ్‌తో కలిసి కంచు తెచ్చిండు. సునీల్‌ది లోక్‌తక్ సరస్సు ప్రాంతం.

మనకు ప్రాణహిత ఉంది, పెన్‌గంగ ఉంది, కడెం ఉంది. భూములు మింగిన నీళ్లే మన పిల్లలకు మైదానం ఎందుకు కావద్దు? గురుకులాల్లో ఈత, పడవ ఆటలు అడుగుదాం. అంతకుముందు ఒక పని: మీ ఊళ్లో తెడ్డు పట్టిన తాతలు ఉంటే, వాళ్ల ముచ్చట ఇక్కడ రాయండి. మన నీళ్ల చరిత్ర మనమే రాసుకోవాలె.