భయం మిగిల్చిన జ్ఞాపకం – చరిత్రకు ఆధారమా?

పరిచయం
గ్రామీణ తెలంగాణ చరిత్రకు ప్రభుత్వ రికార్డులు ఎంత అవసరమో, పెద్దల నోటి మాటా అంతే అవసరం. అయితే ఆ మాటల్లో చాలా భాగం భయంతో ముడిపడి ఉంటుంది. భయంలో పుట్టిన జ్ఞాపకాన్ని చరిత్ర విద్యార్థి ఎలా స్వీకరించాలి? ఈ భాగంలో దీనిని పరిశీలిద్దాం.

చారిత్రక నేపథ్యం
జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల 1970లలో కరీంనగర్ జిల్లాలోనివి. నిజాం పాలన 1948లో ముగిసినా అక్కడి పల్లెల్లో దొర మాటే చట్టంగా సాగింది. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లో కేంద్ర చట్టం వచ్చినా గడి ముందు పరిస్థితి పెద్దగా మారలేదు. అత్యవసర పరిస్థితి తొలగిన తరువాత రైతుకూలీ సంఘాలు ఏర్పడ్డాయి. కూలి పెంపు, వెట్టి రద్దు, దొరలు వసూలు చేసిన దండుగల వాపసు, బంజరు భూములు వాటి ప్రధాన కోరికలు. 1978 సెప్టెంబరులో వేలాది మంది జగిత్యాలలో ఊరేగింపు జరిపారు. ఇదే జగిత్యాల జైత్రయాత్ర. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పల్లెల్లో పోలీసు క్యాంపులు వెలిశాయి. గడి భయం పూర్తిగా పోకముందే క్యాంపు భయం వచ్చింది.

మెదడులో భయం
భయం కలిగినప్పుడు అడ్రినల్ గ్రంథి కార్టిసాల్ అనే స్టెరాయిడ్ హార్మోన్‌ను విడుదల చేస్తుంది. అది రక్తం ద్వారా మెదడుకు చేరుతుంది. ఎలుకల్లో ఈ రకం హార్మోన్‌ను జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ పట్టి ఉంచుతుందని బ్రూస్ మెక్‌ఈవెన్ బృందం 1968లో చూపింది. భావోద్వేగాలకు సంబంధించిన అమిగ్డలాలో ఈ హార్మోన్, నారడ్రినలిన్ కలిసి పనిచేసి ఆ అనుభవాన్ని గట్టిగా నిలుపుతాయి. అందుకే భయపెట్టిన ముఖ్య దృశ్యం చెరగదు. తేదీ, పక్కనున్నవారు వంటి వివరాలు మసకబారవచ్చు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. గుర్తు చేసుకునే సమయంలో ఇదే హార్మోన్ పెరిగితే జ్ఞాపకం అందదు. దీనిని డి క్వెర్వాన్ బృందం 1998లో ఎలుకల్లో, 2000లో మనుషుల్లో నిరూపించింది.

చరిత్ర విద్యార్థికి అన్వయం
ఒక వృద్ధురాలు గడి ముందు జరిగిన అవమానాన్ని కళ్లకు కట్టినట్లు చెప్పి, సంవత్సరం దగ్గర తడబడిందనుకోండి. ఆమె చెప్పింది అబద్ధమని కొట్టివేయడం తప్పు. ఆమె చెప్పిన తేదీని సరిచూడకుండా రాసుకోవడమూ తప్పే. తేదీకి రికార్డును, అనుభవానికి ఆమెను అడగాలి. బెదురుతూ మౌనంగా ఉన్నవారి విషయంలో ఏమీ జరగలేదని తీర్మానించరాదు. పోలీసు రికార్డు కూడా ఒక పక్షం మాటేనని మరవరాదు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. హార్మోన్లు వ్యక్తి జ్ఞాపకాన్ని వివరిస్తాయి. గడి ఎందుకు నిలిచిందో చెప్పలేవు. దానికి భూమి, కులం, అధికారం తెలియాలి.

అభ్యాసం
మీ ఊరిలో 1978 నాటి సంగతులు తెలిసిన ఒక పెద్దమనిషితో, వారు కోరుకున్న చోట, తొందరపెట్టకుండా మాట్లాడండి. వారు స్పష్టంగా చెప్పినవి, తడబడినవి వేర్వేరుగా రాసి, రెండో జాబితాను ఏయే ఆధారాలతో సరిచూస్తారో పది వాక్యాల్లో వివరించండి.