పైరవీకారూ, అంబుడ్స్‌మనూ

తెలంగాణలో రఘునాథపల్లి దిక్కున ఆఫీసులో ఫైలు కదలకపోతే మొదట వినిపించే మాట పైరవీ. ఫారసీలో ‘పై’ అంటే అడుగుజాడ. ఆ జాడ పట్టి వెంట నడవడమే పైరవీ. ఉర్దూ కచేరీ భాషగా ఉన్న నిజాం రాజ్యంలో కేసు వెంట తిరగడాన్నే అలా అనేవారు. సిఫార్సు వాసన, అప్పుడప్పుడు లంచం వాసన తర్వాత అంటుకున్నవి.

అమెరికాలో గ్రీన్‌కార్డు దరఖాస్తు ఆగిపోయిన తెలుగువాళ్ల నోట ఇంకో మాట నలుగుతుంది: అంబుడ్స్‌మన్. స్వీడిష్‌లో ప్రతినిధి అని అర్థం. అధికారుల తీరుపై కన్నేసి ఉంచడానికి 1809లో స్వీడన్ పార్లమెంటు పెట్టుకున్న పదవి ఇది. దీనికి మన దేశంలో ‘లోక్‌పాల్’, ‘లోకాయుక్త’ అని 1963లో పేర్లు కట్టింది ఎంపీ ఎల్.ఎం. సింఘ్వీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లోకాయుక్త చట్టం 1983లో వచ్చింది.

అమెరికా వలస సేవల అంబుడ్స్‌మన్ పదవి 2002 చట్టంతో ఏర్పడింది. ముందు వలస సేవల శాఖనే అడగాలి. అక్కడ పని కాకపోతే 7001 ఫారం నింపాలి; రుసుము లేదు. అయితే ఈ పెద్దమనిషి గ్రీన్‌కార్డు ఇప్పించలేరు, దేశాలవారీ కోటా వరుసను దాటించలేరు. ఫైలు ఎక్కడ, ఎందుకు ఆగిందో ఆరా తీసి సరిచేయమని చెప్పగలరంతే.

పాత అర్థంలో చూస్తే అసలు పైరవీ ఇదే!

కానీ 2025 మార్చిలో ఆ అంబుడ్స్‌మన్ కార్యాలయం సిబ్బందికే ఉద్వాసన ప్రకటించారు.