సేవకుడే నాయకుడు: డోర్నకల్ అజరయ్యగారు

అధికారమనగా ఆజ్ఞాపించుట యని లోకము తలచును. క్రైస్తవ సంప్రదాయమున దీనికి భిన్నమైన భావమొకటి తొలినుండియు కలదు. శిష్యుల పాదములు కడిగిన గురువు కథ యోహాను సువార్త పదుమూడవ అధ్యాయమున నున్నది. పెద్దవాడు కాగోరువాడు పరిచారకుడు కావలెనని దాని తాత్పర్యము. 1970లో రాబర్ట్ గ్రీన్‌లీఫ్ అను అమెరికా దేశస్థుడు ఇట్టి భావమునే కార్యాలయములకును, వ్యాపార సంస్థలకును అన్వయించుచు ఒక వ్యాసము వ్రాసెను. నేడు దానిని సేవక నాయకత్వ మనుచున్నారు. అంతకు అరువది యేండ్లకు పూర్వమే తెలుగునేలపై ఈ భావము పరీక్షకు నిలిచినది.

ఆ పరీక్షకు నిలిచినవారు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. వీరు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతమున ఒక పల్లెలో జన్మించిరి. తండ్రి ఆ పల్లె క్రైస్తవ సంఘమునకు గురువు. అజరయ్యగారు 1895 నుండి 1909 వరకు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణదేశ మంతయు తిరిగిరి. భారతీయులే నడుపుచు, భారతీయుల ధనముతోనే సాగు సంఘములు రెండు 1903లో తిరునల్వేలియందును, 1905లో సేరంపూరునందును ఏర్పడినవి. రెండింటి స్థాపనయందును వీరు ముఖ్యులు.

తిరునల్వేలి సంఘము నైజాము రాజ్యమందలి డోర్నకల్ ప్రాంతమును తన కార్యక్షేత్రముగా ఎన్నుకొనెను. 1909లో కార్యదర్శి పదవి వదలి అజరయ్యగారు అచ్చటికే గురువుగా వచ్చిరి. మాతృభాష తమిళము. ముప్పది యైదేండ్ల వయసున తెలుగు నేర్చుకొనవలసి వచ్చెను. పల్లెవానికి బోధింప వచ్చినవారు ముందు పల్లెవాని భాషకు శిష్యులైరి.

1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వీరు ప్రసంగించిరి. విదేశీయులు చేసిన దానధర్మములకును, త్యాగములకును కృతజ్ఞత తెలుపుచునే, తమకు కావలసినది సమానుల స్నేహమని నిర్భయముగా చెప్పిరి. సభలో పలువురు నొచ్చుకొనిరి. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ దేవాలయమున వీరికి బిషప్ పదవి లభించెను. ఆంగ్లికన్ సంఘమున ఈ పదవి నందిన మొదటి భారతీయుడు వీరే. తెల్లదొరలు నల్లవాని ఆజ్ఞకు లోబడుదురా యని సందేహించినవారు ఆనాడు కొందరు గలరు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ దొర మాత్రము వీరికి వెన్నుదన్నుగా నిలిచెను.

పీఠమెక్కినవారు పీఠమునే అంటిపెట్టుకొనలేదు. ఎడ్లబండిపై పల్లెపల్లెకు తిరిగిరి. డోర్నకల్ నందలి గురు శిక్షణాలయమున తామే పాఠములు చెప్పిరి. ఆ సంఘమున అధిక సంఖ్యాకులు మాల, మాదిగ కుటుంబములవారు. తరతరములుగా ఊరి వెలుపల నిలిచినవారి బిడ్డలే ఉపాధ్యాయులై, గురువులై, తమ సంఘమును తామే నడుపుట వీరి లక్ష్యము. వీరి సతీమణి అన్బు మరియమ్మాళ్ స్త్రీల విద్యకై పాటుపడెను.

వీరి మార్గమును అందరును మెచ్చలేదు. 1930ల నాటి సామూహిక మతాంతరీకరణ విషయమున గాంధీ మహాత్మునికిని వీరికిని తీవ్రమైన అభిప్రాయభేద ముండెను. ఆ వివాదమును చరిత్ర దాచరాదు. కాని క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని పట్టుబట్టినవారును వీరే. తమవారికి దొరకు ప్రత్యేక లాభమును తామే కాదనుట నాయకులకు సులభమైన పని కాదు.

1939 జనవరి 6న డోర్నకల్ మహాదేవాలయము ప్రతిష్ఠింపబడెను. గుమ్మటములు, మినార్లు, మండప స్తంభములు అందు ఒక్కచో కలిసియున్నవి. వేర్వేరు క్రైస్తవ శాఖల ఐక్యమునకై 1919లో తరంగంబాడి సమావేశము మొదలుకొని వీరు కృషి సల్పిరి. ఆ ఐక్యము దక్షిణ భారత సంఘముగా 1947 సెప్టెంబరు 27న రూపొందెను. దానిని చూచు భాగ్యము వీరికి లేకపోయెను. 1945 జనవరి 1న వీరు కన్నుమూసిరి.

అయినను పని ఆగలేదు. చేయగలవారిని వీరు ముందే తయారుచేసి యుండిరి. ఏ కార్యాలయమునందైనను పెద్దకుర్చీ ఒకనాడు ఖాళీ కాక తప్పదు. ఆ కుర్చీలో కూర్చున్నవారు ఎట్టివారో ఆ మరునాడు సాగు పనియే చెప్పును.